దివిసీమలో ఒక దినము

దీవులను, వన్యమృగములను చూడవలెనన్న సముద్రములు దాటవలెనని మనలో పెక్కుమంది తలంతురు. కృష్ణమ్మ పులిగడ్డకడ రెండు పాయలుగా చీలి చుట్టుకొనిన మన దివిసీమయు ద్వీపమే కదా!

మొన్న మాఘమాసమున మేము గుడివాడనుండి బయలుదేరి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరి, పడవయెక్కి మడ అడవులలోనికి బోయితిమి. అచ్చటి అడవి 1989లో అభయారణ్యమైనది. మడచెట్ల వేళ్లు గాలికొఱకు బురదనుండి మేకులవలె పైకి లేచియుండెను.

ఇంతలో పాటు తగిలి నీరు తీసెను. పడవ బురదలో గూరుకొనెను. ప్రొద్దు వాలుచుండెను. గట్టున పిల్లి యడుగులవంటి జాడలు కనబడెను. చేపలు పట్టి బ్రదుకు బావురుపిల్లివట! మా చిన్నవాడు "అమ్మా, ఇంటికి ఎలా వెళ్తాం?" అని యేడ్వసాగెను. మా గుండెయు దడదడలాడెను గాని పైకి దెలియనీయలేదు.

పడవవాని తల్లి, ముదుసలి, మాతోడనే యుండెను. "భయమెందుకు అమ్మగారూ! పోటొస్తే పడవ దానంతటదే లేస్తది. ఉప్పెననాడు మడచెట్టును కావలించుకునే నేను బతికాను" అనెను. 1977 నవంబరు 19వ తేదీనాటి యా యుప్పెన 10,000కు పైగా ప్రాణములు గొన్నది. మడలు దట్టముగనున్న తావుల నలల యుద్ధృతి తగ్గును.

చీకటి పడిన పిమ్మట పోటు వచ్చెను, పడవ లేచెను. మడ యనగా పనికిరాని తుప్పయని తలంచెడివారము. వెడలునపుడు దానికి చేతులు జోడించితిమి. మీరు పోయినచో పోటుపాటుల వేళ లడిగి తెలిసికొనుడు, మంచినీరు మఱవకుడు.