మౌసా? టచ్‌ప్యాడా?

మా హాస్టల్‌లో చదివి ఉద్యోగంలో చేరిన ఒక అన్న, తాను వాడిన ల్యాప్‌టాప్ మా గదికి ఇచ్చారు. దానికి మౌసు లేదు. ట్రంకుపెట్టె మీద పెట్టుకుని ఎనిమిది మందిమీ వంతులవారీగా టచ్‌ప్యాడ్ మీదే నేర్చుకున్నాం. రెండు వేళ్లతో పాఠాన్ని పైకీ కిందికీ జరుపుతుంటే, ఇక మౌసుతో పనేముంది అనుకున్నాం.

తర్వాత కంప్యూటర్‌పై ప్రవేశ పరీక్ష రాయడానికి వెళ్లాం. అక్కడ బల్ల మీద ఉన్నది మౌసు! చేతులు తడబడ్డాయి. ఒక జవాబు నొక్కబోతే పక్క జవాబు మీద పడేది. తెలిసిన ప్రశ్నలకే సమయం చాలలేదు. మాలో ఇద్దరికి సీటు రాలేదు. ఫలితాలు వచ్చిన రాత్రి మెస్‌లో ఎవరికీ ముద్ద దిగలేదు.

మరునాడే తలా ముప్పై రూపాయలు వేసుకుని మౌసు కొన్నాం. పక్క పెట్టె మీద లాంగ్ నోట్‌బుక్ అట్టే మా మౌస్‌ప్యాడ్. ఎక్సెల్‌లో గడులు ఎంచుకోవాలన్నా, బొమ్మ గీయాలన్నా మౌసుదే పైచేయి అని అప్పుడు తెలిసింది. చోటు లేనప్పుడు, చదువుకునేటప్పుడు టచ్‌ప్యాడే నయం. కాకపోతే టైపు చేస్తుండగా అరచేయి తగిలితే కర్సర్ ఎక్కడికో పోతుంది. కంట్రోల్ సి, కంట్రోల్ వి లాంటివి వస్తే రెండింటి మీదా భారం తగ్గుతుంది.

1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చేసిన మొదటి మౌసు చెక్క డబ్బానే. పరికరం చిన్నదని చులకన చేయకండి.

తమ్ముళ్లూ! ఈ ఏడాదితో మేం వెళ్లిపోతున్నాం. ఆ మౌసు, ఆ అట్ట గదిలోనే ఉంచుతున్నాం. రెండూ నేర్చుకోండి. మాకు తప్పిన సీట్లు మీకు తప్పకూడదు.