ఐదో టైరు

బండికి చక్రాలెన్ని అని అడిగితే నాలుగని చిన్నపిల్లవాడైనా చెబుతాడు. ఐదు అని చెప్పేవాడు డ్రైవరొక్కడే. ఆ ఐదోదాన్ని మనం స్టెప్నీ అంటాం. నిజానికి అదొక వీధి పేరు. వేల్స్ దేశంలో లనెల్లీ అనే పట్టణం ఉంది. ఆ రోజుల్లో మోటారు కార్లు అదనపు చక్రం లేకుండానే వచ్చేవి. టైరు పగిలితే నడిరోడ్డు మీద కూర్చొని బాగుచేసుకోవలసిందే. 1904లో ఆ ఊరి స్టెప్నీ వీధిలో డేవీస్ అనే ఇంటిపేరు గల అన్నదమ్ములిద్దరు, గాలి నింపిన టైరుతో ఆకులు లేని ఒక చక్రాన్ని తయారుచేసి, పగిలిన చక్రానికే పక్కన బిగించుకొని ఇల్లు చేరే ఉపాయం కనిపెట్టారు. వీధి పేరు వస్తువు పేరయింది. ఆ వస్తువు రూపం మారిపోయినా పేరు మాత్రం మన పంక్చర్ షాపుల దాకా వచ్చి నిలిచిపోయింది.

ఆ అన్నదమ్ముల సంగతి అట్లా ఉంచి, అదే స్టెప్నీ మూలంగా మా అన్నదమ్ములకు జరిగిన సంగతి చెబుతాను.

మాది మానుకోట దగ్గర పల్లె. నాయిన వ్యవసాయం చేస్తాడు. అన్న ఇంటర్‌తో చదువు ఆపి, అప్పు చేసి ఒక పాత పికప్ కొన్నాడు. యాసంగి వడ్లు, జనగామ వైపు పత్తి, ఎండలు ముదరక ముందు మిర్చి, ఇదీ మా బండి పంచాంగం. వదిన పుట్టిల్లు రేగొండ దాపున కాబట్టి భూపాలపల్లి జిల్లా కిరాయిలు కూడా దొరికేవి.

పోయిన ఏడు జనగామ వైపు పత్తికి పోయినప్పుడు నల్లరేగడి బురదలో బండి రెండుసార్లు దిగబడింది. ట్రాక్టరు పెట్టి గుంజవలసి వచ్చింది. కంపెనీ టైర్ల మీద 215/75 ఆర్ 15 అని ఉండేది. అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో నూటికి 75 వంతులు, లోపలి రిమ్ము 15 అంగుళాలు. అన్న వాటిని తీసేసి 235/75 రకం నాలుగు వేయించాడు. బండి కాస్త లేచి, చూడ ముచ్చటగా కనిపించింది. ఇద్దరం పక్కన నిలబడి ఫోటో దిగినం. బండి కింద వేలాడే ఐదో టైరును ఎవరూ చూడలేదు. అది పాతదే, చిన్నదే.

ఈ ఫిబ్రవరిలో వదినకు మామ వరుసయ్యే ఒక రైతు ముప్పై బస్తాల మిర్చి ఎనుమాముల మార్కెట్టుకు వేశాడు. బస్తాకు నలభై కిలోల లెక్కన పన్నెండు క్వింటాళ్లు. నేను సెలవు మీద ఉన్నాను కనుక తోడుపోయాను. పొద్దున జెండా పాట అందుకోవాలని తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. రేగొండ దాటిన కొద్దిసేపటికి వెనుక ఎడమ టైరు పక్క గోడ చీలిపోయింది. అన్న అలవాటు ప్రకారం జాకీ ఎక్కించి, స్టెప్నీ బిగించి, మళ్లీ స్టీరింగు పట్టాడు.

యదార్థం చెప్పాలంటే, ఆ టైరు ఎక్కేటప్పుడే నాకు తెలుసు. రెండు టైర్ల వ్యాసాల్లో మూడు సెంటీమీటర్ల తేడా ఉంది. పెద్దది కిలోమీటరుకు సుమారు 434 చుట్లు తిరిగితే, చిన్నది 452 తిరగాలి. బరువుకు టైరు అణుగుతుంది కాబట్టి లెక్క కొద్దిగా అటూ ఇటూ కావచ్చు, తేడా మాత్రం పోదు. వెనుక చక్రాల నడుమ ఉండే డిఫరెన్షియల్ పని, మలుపులో బయటి చక్రాన్ని ఎక్కువగా, లోపలి చక్రాన్ని తక్కువగా తిరగనివ్వడం. తిన్నని రోడ్డు మీద దానిలోని చిన్న పళ్లచక్రాలు తమ చుట్టూ తాము తిరగవు. వాటికది విశ్రాంతి. మన బండి ఒక మూల తిరిగితే రెండు చక్రాలకూ వచ్చే తేడా దాదాపు ఒక చుట్టు. ఇక్కడ కిలోమీటరుకు పద్దెనిమిది చుట్ల తేడా. అంటే రోడ్డు తిన్నగా ఉన్నా, బండి కడుపులో మాత్రం కిలోమీటరుకు పద్దెనిమిది మూలలు తిరుగుతున్నట్టే. కొంచెం దూరం, నిదానంగా అయితే అది తట్టుకుంటుంది. బరువుతో, వేగంతో, దినాల తరబడి అయితే నూనె వేడెక్కి పళ్లు అరుగుతాయి.

ఇదంతా మనసులో లెక్క కట్టాను గానీ పైకి చెప్పలేదు. చేతికి గ్రీజు అంటని చదువుకున్నోడు పదేండ్లు స్టీరింగు పట్టిన అన్నకు చెప్పడమేమిటన్న మొహమాటం. పైగా వెనకటి రోజు ఏదో చెప్పబోతే "నీ పుస్తకం బండి వేరు, నా బండి వేరు తమ్మీ" అని నవ్వాడు. స్పీడోమీటరు అరవై చూపిస్తున్నది. పెద్ద టైర్ల వల్ల నిజం వేగం అంతకన్నా రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువేనని కూడా తెలుసు. అట్లా పన్నెండు కిలోమీటర్లు నోరు మూసుకొని కూర్చున్నాను.

నోరు విప్పింది మామ.

"ఏందల్లుడా, బండి ఎనుక ఎడమదిక్కు కుంగుతున్నది? పొడుగెద్దుకు పొట్టెద్దును జతకట్టినట్టున్నది."

అన్న బండి ఆపాడు. దిగి టైరు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. అంత కాలుతున్నది. ఆ స్టెప్నీ ఎన్నేళ్లదో సెల్ వెలుగులో చూశాను. పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు 2316. అంటే 2016 సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైంది. రబ్బరు నెర్రెలిచ్చింది. గాలి కూడా సరిపడా లేదు. గాలి తక్కువ టైరు మీద బరువు పడితే పక్క గోడ ప్రతి చుట్టుకూ మడతపడి లేస్తుంది. ఆ మడతల నుంచే వేడి పుడుతుంది. ఇంకొంత దూరం పోతే అదీ పగిలేది. పన్నెండు క్వింటాళ్ల మిర్చితో ఏమయ్యేదో వేరే చెప్పనక్కర లేదు.

అప్పుడు చెప్పాను. ముందు చక్రాలకు ఇంజను బలం పోదు, వాటిని కలిపే పళ్లచక్రాలు లేవు, ఎవరి చుట్లు వాళ్లు తిరుగుతారు, బరువు కూడా వెనుకకన్నా తక్కువ. కాబట్టి ముందు ఎడమ టైరును వెనక్కి తెచ్చి, ఈ చిన్నదాన్ని ముందు వెయ్యాలి, స్టీరింగు గట్టిగా పట్టుకొని నలభై దాటకుండా పోవాలి అన్నాను. అన్న నా ముఖం వైపు చూసి "ఈ ముచ్చట అక్కడ్నే చెప్పొద్దా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఒక్కటే జాకీ. ముందు చక్రం విప్పితే వెనుకది ఎట్లా ఎత్తాలి? ఉపాయం అన్నదే. ముందు టైరు తీసి, ఆ స్థానంలో చీలిపోయిన టైరునే బిగించి బండి దించాడు. తరువాత వెనుక ఎత్తి పెద్ద టైరు వేశాడు. మళ్లీ ముందు ఎత్తి చీలినదాన్ని తీసి చిన్నదాన్ని పెట్టాడు. లెక్క నాది, చెయ్యి అన్నది. గాలి లేని టైరు కూడా గంటసేపు అక్కరకొచ్చింది.

నేను రాళ్లు అందిస్తుంటే మామ కాడి సంగతి చెప్పాడు. జత ఎద్దుల్లో ఒకటి బలహీనమైతే, కాడి కట్టు బలమైన ఎద్దు దిక్కు జరిపి కడతారు. బలహీనమైన దానికి కాడి పొడుగు ఎక్కువ పడి భారం తగ్గుతుంది. నాయిన కూడా అట్లనే కట్టేవాడు. మేము క్లాసులో మొమెంట్స్ అని చదివింది అదే. నడుమ కట్టిన కాడి రెండెద్దులకూ భారం సమానంగా పంచినట్టు, డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలం సమానంగా పంచుతుంది. కాకపోతే కాడి ఒరగడానికి ఒక హద్దుంది, రైతు కంటికి కనిపిస్తుంది. దీని ఒరుగుడు ఇనుప డొక్కలో ఉంటుంది, ఎవరికీ కనిపించదు.

నట్లు బిగించేటప్పుడు, మామ అటు పోయినంక అడిగాను.

"ఐదోది కూడా అప్పుడే కొనకపోతివేందన్నా?"

అన్న తలెత్తకుండానే అన్నాడు. "కొందామనే పైసలు పక్కన పెట్టిన. అదే వారం నీ పరీక్ష ఫీజు, మెస్ బిల్లు అన్నవు గద."

అందులో నిష్ఠూరం లేదు. పానా తిప్పుతూ, ఉన్న మాట ఉన్నట్టు చెప్పాడు. ఆ ఫీజు కట్టి నేను పాసైన పేపర్లలో భౌతికశాస్త్రం కూడా ఉంది.

పరకాల చేరేసరికి పూర్తిగా తెల్లవారింది. గూడెప్పాడు మీదుగా నలభై దాటకుండా ఎనుమాముల చేరి, గేటు దగ్గర వరుసలో నిలబడి, బస్తాలు దించేసరికి ఆనాటి జెండా పాట అయిపోయింది. మామ ఆ రాత్రి బస్తాల మీదనే పడుకున్నాడు. మరునాడు ధర క్వింటాలుకు మూడు వందలు తక్కువ పలికింది. పన్నెండు క్వింటాళ్లకు మూడు వేల ఆరు వందలు. అదే కొలత పాత టైరు ఒకటి వరంగల్‌లో ఇంచుమించు ఆ ధరకే దొరుకుతుంది. అన్న కిరాయి తీసుకోలేదు. మామ బలవంతంగా డీజిలు పైసలు జేబులో కుక్కి పోయాడు.

మన కళాశాలలో నా వంటి రైతుబిడ్డలు, ఇంట్లో బండి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నాలుగు మార్చినవారు ఐదోది కూడా మార్చండి. మార్చలేకపోతే చిన్నదాన్ని ఇంజను బలం పోయే చక్రానికి కట్టకండి. నెలకొకసారి గాలి చూడండి. ఇంకో మాట నాకే చెప్పుకుంటున్నాను. తెలిసిన సంగతిని పన్నెండు కిలోమీటర్లు మోసుకుపోవడం మర్యాద కాదు.

తరువాతి రెండు నెలలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి సగం నేను, సగం అన్న వేసుకొని 235/75 పాత టైరొకటి కొన్నాం. ఇప్పుడు హాస్టల్ నుంచి ఫోను చేస్తే, నేను అడగకముందే అన్న అంటాడు.

"స్టెప్నీల గాలున్నది తియ్. నువ్వు తిన్నవా?"