వేసవి యుత్సవములు

విజయనగరము పేరు చెప్పినంతనే పొరుగూరివారికి స్ఫురించునది సిరిమానోత్సవము. విజయదశమి వెళ్లిన తరువాతి మంగళవారమున పైడితల్లి యమ్మవారి పూజారి యున్నతమైన చింతమాను కొనయందు గూర్చుండి, చదురుగుడికిని కోటకును నడుమ ముమ్మారు తిరుగుట చూడనివారు మన జిల్లాలో నరుదు. కాని యది శరత్కాలపు పండుగ. మనకు దీర్ఘమైన సెలవులు దొరకునది వేసవియందు. ఆ దినములలో మన ప్రాంతమున జూడదగిన యుత్సవము లేవియని విద్యార్థులు నన్ను బలుమారు లడిగియున్నారు. వారికి నోటితో జెప్పినదానినే యిచట వ్రాయుచున్నాను.

ఎండలు ముదురుటకు ముందే శ్రీకాకుళము వైపునకు బోవుట మేలు. ఫాల్గుణ పూర్ణిమనాటికి శ్రీకూర్మమున డోలోత్సవము జరుగును. విష్ణుమూర్తిని గూర్మరూపమున నర్చించు నాలయములు దేశమున మిక్కిలి యరుదు. శ్రీకాకుళమును ఆనుకొనియున్న అరసవిల్లిలో మార్చి రెండవ వారమున, మబ్బు లేకున్నచో, ఉదయ కిరణములు ద్వారములు దాటి సూర్యనారాయణమూర్తిని స్పృశించును. అది కొన్ని నిమిషముల ముచ్చటయే. అయినను, ఆలయమును నిలిపిన శిల్పుల గణితజ్ఞానము నెంచి చూచినచో మన లెక్కల పుస్తకముపై గౌరవము హెచ్చును.

చైత్రమున శ్రీరామనవమికి రామతీర్థము పోవలెను. విజయనగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్ల చెంత నున్న క్షేత్ర మది. కల్యాణము చూచి మరలివచ్చువారే పెక్కుమంది. నేను మాత్రము మఱునాటి యుదయము వఱకు నిలువుడని చెప్పుదును. ఏలయన, గురుభక్తుల కొండపై బౌద్ధుల కట్టడముల శిథిలములును, దుర్గకొండ గుహయందు జైన విగ్రహములును, తూర్పు చాళుక్యరాజగు విమలాదిత్యుని కాలపు శాసనమును గలవు. మూడు మతములవారు వేయేండ్లకు బూర్వమే యొకచో దపస్సు చేసికొనిన తావు మన కింత చేరువనుండుట భాగ్యము. 2020 డిసెంబరు చివర నిచటి బోడికొండపైని కోదండరాముని విగ్రహమును దుండగులు ఖండించిరి. 2022 ఏప్రిలులో నూతనాలయము తెఱవబడెను. ఱాయి విఱిగిన చోటనే మరల దీపము వెలుగుచున్నది.

ఇక వైశాఖ శుద్ధ తదియ. సింహాచలమున వరాహ లక్ష్మీనృసింహస్వామి సంవత్సరమంతయు జందనమున మఱుగుపడి యుండును. ఆ యొక్క దినమున మాత్రమే చందనము నొలిచి నిజరూపమును జూపుదురు. మరల మూడు మణుగుల చందనమును సమర్పింతురు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలందును మూడేసి మణుగుల చొప్పున, మొత్తము పండ్రెండు మణుగులగును. ఇందులకై చందనపు చెక్కలను ముందుగనే దినముల తరబడి యరగదీయుదురు. మన పూసపాటివారు ఈ యాలయమునకు వంశపారంపర్య ధర్మకర్తలు.

నాకు పదుమూడవ యేడు జరుగుచుండగా మా మామ్మను వెంటబెట్టుకొని యీ యుత్సవమునకు బోయితిని. ఆమె కన్నులలో శుక్లములు ముదిరియుండెను. వరుసలో నేడు గంటలు నిలిచితిమి. తీరా సన్నిధికి జేరినపిమ్మట నిలువనిచ్చినది రెండు క్షణములు. వెలుపలికి వచ్చిన తరువాత, "మామ్మా, ఏటి అగుపడినాది?" అని యడిగితిని. ఆమె యిట్లనెను: "దీపం ఎలుగొక్కటే అగుపడింది, నాయనా. ఆయన నాకగుపడకపోతే ఏటి? అప్పన్న బాబుకి నేనగుపడ్డాను గదా!"

ఇట్టి యోర్పు మన దేశమునకే పరిమితము గాదు. ఇటలీలో సియెనా యను ప్రాచీననగరము గలదు. అచట జూలై 2వ తేదీనను, ఆగస్టు 16వ తేదీనను పాలియో యను గుఱ్ఱపు పందెము జరుగును. పట్టణమున పదునేడు పేటలు. ఒక్కొక్క పందెమునకు పది పేటల గుఱ్ఱములు పరుగెత్తును. మూడు చుట్ల పందెము నిమిషమున్నరకు మించదు. దానికై జనము నడివేసవి యెండలో గంటలకొలది కచ్చేరి చావడి ముందటి మైదానమున నిలిచియుందురు. చూచునది స్వల్పము; నిరీక్షించునది దీర్ఘము. ఉత్సవ మన్నచోట నెల్ల నింతే గాబోలు.

కాని యోర్పుగల జనము ఫిర్యాదు చేయదు. కావుననే వారిని నడిపించువారికి రెండింతల జాగ్రత్త వలయును. 2025 ఏప్రిలు 30వ తేదీన, చందనోత్సవపు వేకువజామున, గాలివానకు సింహాచలమున దర్శనపు వరుస చెంతనున్న గోడ కూలి యేడుగురు మరణించిరి. ఆ వార్త విన్నప్పుడు నాకు మా మామ్మ చేయి జ్ఞప్తికి వచ్చెను. వారును మా మామ్మవలెనే మాటాడక నిలిచినవారు గదా!

మా యమ్మకు నిప్పు డానాటి మామ్మ వయస్సే. చందనోత్సవమునకు దీసికొనిపొమ్మని యడిగినది. వలదనుటకు నోరు రాలేదు; ఔననుటకు ధైర్యము చాలలేదు. వైశాఖ పూర్ణిమనాడు, రెండవమారు చందనము సమర్పించునప్పుడు పోవుదమంటిని. "అప్పుడు నిజరూపం ఉండదు గదా" యనెను. మామ్మ చెప్పిన మాట జ్ఞప్తికి దెచ్చితిని. ఆమె కొంతసేపు మిన్నకుండి, "మా అత్త మాటే నెగ్గిందన్నమాట" యని నవ్వి యొప్పుకొనెను.

సోదరులారా! ఉత్సవములు చూడుడు. కాని వృద్ధులతోను బసిబిడ్డలతోను బోవునప్పుడు జనము పలుచనగు దినమును, చల్లని వేళను ఎంచుకొనుడు. మంచినీరు మీతోడ నుంచుకొనుడు. రామతీర్థపు గుహలలో మీ పేర్లు చెక్కకుడు. వరుసలో మీ ముందున్న ముసలమ్మ తూలినచో, మీ దర్శన మొకింత యాలస్యమైనను సరే, మొదట నామె చేయి పట్టుకొనుడు.