వాడుక పాలు

మా పాల్వంచలో ప్యాకెట్ పాలకు కొదవేమీ లేదు. అయినా నాలుగేళ్ల మా పాప కోసం గేదెపాలు వాడుక పెట్టుకుందామని అత్తయ్య ఒకటే పోరు. సరేనని ఒక ఆదివారం నేనూ మా వారూ కిన్నెరసాని వైపు అడవి అంచు ఊళ్లకు బయల్దేరాం.

గూడేల్లో ఆవులు మందలు మందలుగా కనిపించాయి గానీ పాలమ్మేవాళ్లు దొరకలేదు. చాలా కోయ కుటుంబాల్లో పశువుల్ని దుక్కికీ ఎరువుకీ పెంచడమే పాత అలవాటు. ఆవు పాలు దూడవే. అది విన్నాక ఇంకో ఇంట అడగబుద్ధి కాలేదు.

చివరికి ఒక ఊళ్లో పాలకేంద్రం దగ్గర పొద్దున్నే నిలబడితే పని అయింది. వెతికేవాళ్లకు నేను చెప్పేది ఇదే. కేంద్రానికి పాలు పోసేవాళ్లంతా అక్కడికే వస్తారు. ఎవరికి ఎంత వెన్నశాతం వస్తోందో అక్కడే తెలుస్తుంది. టోన్డ్ ప్యాకెట్‌లో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6. మంచి గేదెపాలలో 6, 7 శాతం మామూలే. లాక్టోమీటర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. నీళ్లు కలిపితే రీడింగ్ తగ్గుతుంది, వెన్న తీస్తే పెరుగుతుంది. రెండూ చేస్తే ఏమీ తెలియదు! పితికే వేళకు ఒకసారి వెళ్లి చూడటం మేలు. గేదె పొదుగు కడుగుతున్నారా, గిన్నె శుభ్రంగా ఉందా, దూడకు విడుస్తున్నారా చూసుకోండి.

మాకు కుదిరిన అక్కకు రెండు గేదెలు. కేంద్రం ఇచ్చేదానికన్నా లీటరుకు కాస్త ఎక్కువే ఇస్తామన్నాం. ఆమెకూ లాభం, మాకూ లాభం.

అసలు గొడవ ఇంట్లో మొదలైంది. గుమ్మపాలు పచ్చివే పాపకు పట్టించమంటారు అత్తయ్య. మా వారు చిన్నప్పుడు అలాగే తాగారట, కాస్తే బలం పోతుందట. నేను ఒప్పుకోలేదు. పశువు పైకి బాగానే కనిపించినా బ్రూసెల్లోసిస్, క్షయ లాంటివి పచ్చిపాల ద్వారా మనుషులకు రావచ్చు. బ్రూసెల్లోసిస్ అయితే వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది. కాస్తే కొన్ని విటమిన్లు కొంచెం తగ్గుతాయేమో గానీ కాల్షియం, మాంసకృత్తులు ఎక్కడికీ పోవు. రెండు రోజులు మాటల్లేవు మా మధ్య. మూడో రోజు పాలు పొంగించి, గోరువెచ్చగా చేసి గ్లాసు అత్తయ్య చేతికే ఇచ్చి పాపకు పట్టమన్నాను. పట్టారు. అప్పట్నుంచి రోజూ ఆవిడే పడుతున్నారు. పొయ్యి మీద పాలు మాత్రం నావి!

మొన్న ఒక గేదె వట్టిపోయింది. రెండోది చూడిది, అదీ పాలు తగ్గించింది. గేదె చూడికాలం పది నెలల పైమాటే. అందుకని ఈనేదాకా సగం పాలే పోస్తానని అక్క ముందే చెప్పింది. ఇంకెవరైనా అయితే నీళ్లతో సరిపెట్టేవారేమో. ఒకటి రెండు గేదెలతో ఏడాది పొడుగునా ఒకే కొలత పోస్తున్నారంటే, కొంచెం ఆలోచించండి. మాకిప్పుడు మిగతా సగానికి ప్యాకెట్ వస్తోంది. ఈనాక జున్నుపాలు పంపిస్తానంది. బెల్లం, యాలకులు సిద్ధంగా పెట్టుకున్నాను.