చెట్టుకు దూరం, తోడుకు దగ్గర

బెంగళూరు నగరానికి తూర్పు దిక్కున వైట్‌ఫీల్డ్ ఉంది. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియన్ కుటుంబాల కోసం ఇచ్చిన భూమిలో వెలసిన ఊరు అది. వారి సంఘానికి నాయకుడైన వైట్ అనే ఆయన పేరే ఊరికి నిలిచిపోయింది. ఒకప్పుడు అక్కడ పెంకుటిళ్లు, వాటి చుట్టూ తోటలు ఉండేవి. 1990ల తరువాత కంప్యూటర్ సంస్థలు వచ్చాయి. వాటి వెంట రాయలసీమ నుండి, కోస్తా నుండి, తెలంగాణ నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి.

అటువంటి ఒక ఇంట్లో, గుమ్మం పక్కన తాళాలు తగిలించే కొక్కేనికి ఒక ఈల వేలాడుతూ ఉంటుంది. నారింజ రంగు ఈల. దానిని ఎవరూ ఊదరు, ఎవరూ పారవేయరు. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా దానిని కదిలించరు. ఆ ఇంటి పిల్లవాడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. "ఈ ఈల ఎక్కడిది?" అని అడిగినప్పుడల్లా వాళ్ల నాన్న మామయ్య వైపు చూస్తాడు, మామయ్య నాన్న వైపు చూస్తాడు. ఆ ఈల కథ ఇది.

ఆ పిల్లవాడి తండ్రిది హిందూపురం. తల్లిది మదనపల్లె. మామయ్య తల్లికి తమ్ముడు. అందువల్ల ఆ ఇంట్లో బావ, బావమరిది ఒకే కప్పు కింద ఉంటారు. బావ, బావమరిది అన్నాక పరాచికాలకు కొదవ ఏముంటుంది? చదరంగంలో పోటీ, దోసెలు తినడంలో పోటీ, నంది కొండకు సైకిలు తొక్కడంలో పోటీ. ఒక ఏడాది ఆ పోటీ మంచు కొండల దాకా వెళ్లింది.

వైట్‌ఫీల్డ్ పిల్లలను మంచు అంటే ఏమిటని అడిగితే, మాఘమాసపు ఉదయం గడ్డి మీద మెరిసే బిందువులనో, చెరువు మీద తేలే పొగమంచునో చూపుతారు. హిమాలయాలలో మంచు వేరు. అది దూదిలాగా రాలుతుంది. రాత్రికి రాత్రి మోకాళ్ల లోతు పేరుకుంటుంది. కొత్తగా పడిన మంచులో ఎక్కువ భాగం గాలే. పది సెంటీమీటర్ల కొత్త మంచు కరిగితే దాదాపు ఒక్క సెంటీమీటరు నీరు మాత్రమే వస్తుంది. అందుకే దాని మీద అడుగు వేస్తే కాలు దిగబడుతుంది. పొడవైన పలకలు కట్టుకుంటే బరువు పరుచుకొని, మనిషి జారిపోగలుగుతాడు. రెండు కాళ్లకు రెండు సన్నని పలకలు బిగించుకుంటే అది స్కీయింగ్. రెండు కాళ్లూ ఒకే వెడల్పాటి పలకకు బిగించుకుంటే అది స్నోబోర్డింగ్.

మన దేశంలో ఈ ఆటకు పేరు పొందిన చోటు కాశ్మీరులోని గుల్‌మార్గ్. అది సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. 1998 నుండి అక్కడ తీగల మీద నడిచే గొండోలా ఉంది. 2005లో దాని రెండవ అంచె అఫర్వట్ కొండ పైదాకా సాగింది. 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్ క్రీడలలో భారతదేశం తరఫున పాల్గొన్న ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్. ఆయన స్కీయింగ్ నేర్చుకున్నది ఈ వాలుల మీదే.

బావ స్కీలు, బావమరిది స్నోబోర్డు నేర్చుకున్నారు. మూడు శీతాకాలాలు సెలవు పెట్టుకొని వెళ్లి, చదును చేసిన వాలుల మీద బాగానే తేలారు. మూడో ఏడు వారి మనసు అడవి మీదికి పోయింది. గొండోలా కింద, కొండ పక్కలలో ఫర్, పైన్ చెట్ల మధ్య మంచు ఎవరూ తొక్కని తెల్లని పరుపులాగా ఉంటుంది. దానిని చూసి మనసు ఆగడం కష్టం.

ప్రయాణం నాడు వైట్‌ఫీల్డ్‌లో, కారు ఎక్కబోతున్న భర్తతో ఆ ఇల్లాలు ఒక్క మాటే అన్నది.

"వాడు తొందరపాటు మనిషి. వాణ్ణి మీ కంటికి ఎదురుగా పెట్టుకోండి."

"వాడేం చిన్నపిల్లవాడా?" అని ఆయన నవ్వాడు.

గుల్‌మార్గ్‌లో వారికి తోడుగా వచ్చిన గైడు ఒక కాశ్మీరీ యువకుడు. ముందటి రాత్రి కట్టెల పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అతడు హిందీలో చెప్పిన మాటలు చాలా సాదాగా ఉన్నాయి.

మొదటి మాట: చెట్టును చూడవద్దు, చెట్ల మధ్య సందును చూడాలి. కన్ను ఎటు పోతే ఒళ్లు అటు పోతుంది. కొత్తగా సైకిలు నేర్చుకునే పిల్లవాడు దారిలో ఉన్న రాయిని చూసి భయపడి సరిగ్గా ఆ రాయి మీదికే పోనిస్తాడు గదా! ఇదీ అంతే.

రెండో మాట: ముందున్న సందు కనిపించకపోతే ఆగిపోవాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో జారే మనిషి ఒక్క సెకనులో 10 మీటర్లు పోతాడు. కళ్లు చూసి, మనసు నిర్ణయించి, కాళ్లు తిరిగేలోపు చెట్టు వచ్చి మీద పడుతుంది. వేగం రెండింతలైతే తాకిడిలోని శక్తి నాలుగింతలు అవుతుంది. తలకు హెల్మెట్ తప్పక ఉండాలి. కాని హెల్మెట్ ఉన్నదని వేగం పెంచకూడదు.

ఈ మాట తేలికగా తీసివేయదగినది కాదు. 1997 డిసెంబరు 31న అమెరికాలోని ఆస్పెన్‌లో మైకేల్ కెన్నెడీ అనే ప్రముఖుడు స్కీయింగ్ చేస్తూ చెట్టుకు కొట్టుకొని మరణించాడు. వారం తిరగకుండానే, 1998 జనవరి 5న, గాయకుడు, చట్టసభ సభ్యుడు అయిన సోనీ బోనో కూడా మరొక కొండ మీద అలాగే చెట్టుకు కొట్టుకొని ప్రాణం విడిచాడు. ఇద్దరూ ఆటకు కొత్తవారు కారు.

మూడో మాట బావకు, బావమరిదికి కొత్తది. చెట్టుకు కొట్టుకోవడం ఒక్కటే ప్రమాదం కాదు, చెట్టు మొదలే ఒక ప్రమాదం. ఫర్ చెట్టు కొమ్మలు గొడుగులాగా కిందికి వాలి ఉంటాయి. పడే మంచును ఆ గొడుగు ఆపుతుంది. అందువల్ల చుట్టూ మంచు గట్టిపడి ఎత్తు పెరిగినా, మొదలు దగ్గర మాత్రం వదులు మంచుతో నిండిన గొయ్యి మిగిలిపోతుంది. పైకి చూస్తే నేల సమానంగానే ఉంటుంది. పట్టు తప్పినవాడు అందులోకి తలకిందులుగా పడతాడు. కదిలిన కొద్దీ మంచు మీద పడి ముక్కు, నోరు మూసుకుపోతాయి. అమెరికా, కెనడా దేశాలలో ఈ విషయం తెలుసుకోవడానికి, ఇష్టపడి ముందుకు వచ్చిన కొందరిని తగిన జాగ్రత్తలతో ఇటువంటి గోతులలో దించి చూశారు. పదిమందిలో తొమ్మిదిమంది తమంతట తాము బయటికి రాలేకపోయారు.

అందుకే నాలుగో మాట: అడవిలోకి ఒంటరిగా పోకూడదు. జంటగా పోవాలి. జంట అంటే ఒకే కొండ మీద ఉండడం కాదు. ఒకరికి ఒకరు కనిపించాలి, పిలిస్తే వినిపించాలి. నాలుగు మలుపులు తిరగగానే ఆగి వెనుదిరిగి చూడాలి. ఈ మాట చెప్పి గైడు ఇద్దరికీ చెరొక ఈల ఇచ్చాడు. దానిని సంచిలో దాచవద్దని, కోటు మెడ దగ్గర కట్టుకోమని చెప్పాడు. స్కీ కర్రల తాళ్లను మణికట్టుకు తగిలించవద్దని కూడా హెచ్చరించాడు. పడినప్పుడు చేతులు విడిగా ఉండాలి గదా!

తెల్లవారింది. రాత్రంతా మంచు కురిసింది. ఆకాశం నీలంగా ఉంది. ముందుగా గైడు మంచుచరియల హెచ్చరికలు విచారించి వచ్చాడు. చెట్లు ఉన్నచోట చరియలు రావని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. మనిషి సులువుగా దూరిపోగల చెట్ల మధ్య నుండి మంచు కూడా దూరి రాగలదు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వట్ మీద మంచుచరియలు విరిగిపడి పోలండు దేశస్థులు ఇద్దరు మరణించారు. ఆనాడు అటువంటి భయం లేదని తెలుసుకున్న తరువాతే గైడు వారిని అడవి అంచుకు తీసుకుపోయాడు. తాను చివర వస్తానన్నాడు.

మొదటి రెండు మజిలీలు చెప్పినట్టే జరిగాయి. నాలుగు మలుపులు, ఆగడం, చూడడం, చెయ్యి ఊపడం. మూడోసారి ఆగినప్పుడు బావమరిది నవ్వుతూ అన్నాడు.

"ఏం బావా, ముసలెద్దులాగా అడుగడుక్కీ ఆగుతున్నావు? కింద దాకా పందెం. ఓడినవాడు కహ్వా ఇప్పించాలి."

బావ సమాధానం చెప్పలేదు. స్కీలను వాలుకు తిప్పి జారిపోయాడు.

గాలి చెవులలో హోరెత్తింది. చెట్లు రెండు పక్కలా వెనక్కి పోయాయి. ఎన్నో మలుపులు తిరిగాక, గెలిచానన్న సంతోషంతో ఒక ఖాళీ చోట ఆగి వెనుకకు చూశాడు. ఎవరూ లేరు. పైన తెల్లని వాలు, నల్లని మానులు. తాను వచ్చిన గీత ఒక్కటే కనిపిస్తున్నది.

పిలిచాడు. కొత్త మంచు శబ్దాన్ని పీల్చుకుంటుంది. ఆయన కేక ఆయన దగ్గరే నిలిచిపోయినట్టు అనిపించింది. మొదట, ఏడిపించడానికి దాక్కున్నాడేమో అనుకున్నాడు. తరువాత వైట్‌ఫీల్డ్ గుమ్మం గుర్తుకు వచ్చింది. గబగబా స్కీలు విప్పి పైకి ఎక్కబోయాడు. నడుము దాకా దిగబడ్డాడు. క్షణంలో దిగిన వాలు ఎక్కడానికి యుగంలా ఉంది. రెండడుగులు వేస్తే ఒకడుగు జారుతున్నది. కింద ఉన్నవాడు పైనున్నవానికి ఎంత దూరమో ఆయనకు అప్పుడు తెలిసింది.

అక్కడ పైన జరిగింది ఇది. బావను అందుకోవాలనే తొందరలో బావమరిది ఒక పెద్ద ఫర్ చెట్టుకు మరీ దగ్గరగా మలుపు తీసుకున్నాడు. పలక అంచు పట్టు తప్పింది. నేల ఉన్నదనుకున్న చోట నేల లేదు. పడినప్పుడు స్కీలు కాలి నుండి ఊడిపోయే ఏర్పాటు ఉంటుంది. స్నోబోర్డు అలా ఊడదు. రెండు కాళ్లూ పైన పలకకు బిగుసుకొని, తల గోతిలోకి వాలింది. అయితే పడుతూ ఉండగా అతని చేతికి ఒక కొమ్మ తగిలింది. గైడు మాట గుర్తుండి దానిని వదలలేదు. రెండో చేతిని ముఖానికి అడ్డం పెట్టి ఊపిరికి కొంచెం చోటు చేసుకున్నాడు. తన్నుకొనడం మానాడు. మెడ దగ్గరి ఈలను పెదవులతో వెతికి పట్టుకొని ఊదాడు.

ఆ ఈల కింద ఉన్న బావకు వినిపించలేదు. పైనుండి వస్తున్న గైడుకు వినిపించింది. అతడు సహాయం కోసం ఎక్కడికీ పరుగెత్తలేదు. అటువంటి వేళ నిమిషాలే ప్రాణాలు. పట్టి పైకి లాగడానికి కూడా చూడలేదు. అలా లాగితే పైనున్న మంచు ముఖం మీదే పడుతుంది. తల ఎక్కడ ఉన్నదో గుర్తించి, పక్క నుండి పారతో తవ్వి, మొదట ముఖం దగ్గర గాలికి దారి చేశాడు. తరువాత భుజాలు. తరువాత బోర్డు కట్లు విప్పి మనిషిని బయటికి తీశాడు.

బావ రొప్పుతూ అక్కడికి చేరేసరికి బావమరిది చెట్టుకు దూరంగా మంచు మీద కూర్చొని ఉన్నాడు. పెదవులు నీలంగా మారాయి. ఆ స్థితిలో కూడా, "కహ్వా నేనే ఇప్పిస్తాలే బావా" అన్నాడు. బావకు నవ్వు రాలేదు. మోకాళ్ల మీద కూర్చొని, తన చేతి తొడుగు తీసి, బావమరిది మెడలో, చెవులలో చిక్కుకున్న మంచును ఒక్కొక్క ముక్కా తీశాడు. చాలాసేపు అదే పని చేశాడు.

ఇంటికి వచ్చిన రాత్రి బావమరిది ఆ సంగతి అక్కకు చెప్పవద్దన్నాడు. బావ వినలేదు. భోజనాలయ్యాక తానే చెప్పాడు. గెలవాలని తాను ముందుకు పోయిన సంగతి, వెనుదిరిగి చూడని సంగతి, ఏదీ దాచలేదు. ఆమె తమ్ముణ్ణి దగ్గరకు పిలిచి తల నిమిరింది. భర్తను ఏమీ అనలేదు. ఉదయం ఆ ఈలను తెచ్చి గుమ్మం పక్కన కొక్కేనికి తగిలించింది.

స్కీయింగ్ చేసేవారి కోసం అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో పది నియమాలు ఏర్పరచింది. వాటిలో మొదటిది, ఇతరులకు హాని కలగకుండా నడుచుకోవడం. ప్రమాదం జరిగితే సహాయపడడం ప్రతి ఒక్కరి విధి అన్నది మరొక నియమం. ఆ పదింటినీ చదివితే అవి మంచు కొండలకే పరిమితమైనవి కావని తెలుస్తుంది. ఏటి ఒడ్డున ఈతకు దిగే పిల్లలకూ, రద్దీ రోడ్డు మీద సైకిళ్లు తొక్కే పిల్లలకూ అవే నియమాలు వర్తిస్తాయి. నిదానమే ప్రధానమని మన పెద్దలు ఊరికే అనలేదు. తోడుగా పోవడమంటే కలిసి బయలుదేరడం కాదు, కలిసి చేరడం.

బావ, బావమరిది ఇప్పటికీ గుల్‌మార్గ్ వెళుతూనే ఉన్నారు. అడవిలోకీ పోతారు. పందాలు మాత్రం చదరంగానికే మిగిల్చారు.

సెలవు రోజులలో ఉదయం పూట ఆ ఇంటి పిల్లవాడు సైకిలు తీస్తాడు. వైట్‌ఫీల్డ్ వీధులలో చెట్ల నీడన తండ్రి, మామయ్య అతనితో పాటు సైకిళ్ల మీద బయలుదేరుతారు. మామయ్య ముందు పోతాడు. నాలుగు మలుపులు తిరగగానే కాలు నేలకు ఆనించి, ఆగి, వెనుదిరిగి చూస్తాడు. పిల్లవాడు మధ్యన ఉంటాడు. తండ్రి అందరికంటె వెనుక, తొందర లేకుండా తొక్కుతూ వస్తాడు.