'ఏ' షిఫ్టు వంటింట్లో వేవిళ్ళు

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో నాలుగు తెలుగు మాటలు చెవిన పడాలంటే సాయంత్రం పూట రామమందిరానికి వెళ్ళాలి. పూర్తి పేరు ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం. టాటాల కార్ఖానాలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పుడిక్కడ దణ్ణం పెట్టుకుంటున్నారు. బయట బజారు భాష హిందీ. గుడి మెట్ల మీద మాత్రం ఉత్తరాంధ్ర యాస ఇంకా చెక్కుచెదరలేదు.

నేను వెళ్ళింది దర్శనం కోసం కాదు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఈ ఊళ్ళో వేవిళ్ళను ఎలా నెట్టుకొస్తున్నారో కనుక్కుందామని. మెట్ల పక్కన ఒక అత్తగారు, మూడో నెల కోడలు కూర్చున్నారు. కోడలి ఒళ్ళో చిన్న స్టీలు డబ్బా, అందులో ఉప్పు చల్లిన మరమరాలు. నాలుగేసి గింజలు నోట్లో వేసుకుని, అవి మెత్తబడేదాకా చప్పరించి, అప్పుడు మింగుతోంది. "ఏటి తిన్నా నిలవట్నేదు, ఇవే కాస్త ఉంటన్నాయి" అంది. అత్తగారు అందుకుంది: "నాను ముగ్గుర్ని కన్నాను. ఒక్క మాత్ర మింగనేదు."

ఆ మాట ఎంత మంది అత్తగార్లు అని ఉంటారో! వేవిళ్ళు మామూలే అన్నంతవరకు అందులో తప్పు లేదు. గర్భిణుల్లో నూటికి డెబ్భై మందికి పైగా వికారమో వాంతులో ఉంటాయి. సాధారణంగా ఐదారు వారాలప్పుడు మొదలై, తొమ్మిదో వారం అటూ ఇటూగా ముదిరి, నాలుగో నెల దాటుతుండగా చాలామందికి సర్దుకుంటాయి. పొద్దున్నే వస్తాయని పేరేగానీ, రోజంతా పీడించడమే ఎక్కువ.

ఈ ఊళ్ళో పొద్దున్నకు ఇంకో చిక్కుంది. కార్ఖానాలో 'ఏ' షిఫ్టు, అంటే పొద్దుటిది, ఆరింటికి. మగాయనకు టిఫిన్ డబ్బా కట్టాలంటే తెల్లారగట్ల నాలుగున్నరకల్లా పొయ్యి వెలగాలి. వైద్యులేమో లేవగానే తొందరపడొద్దని, మంచం మీదే రెండు బిస్కెట్లో గుప్పెడు మరమరాలో తిని, కాసేపాగి లేవమని చెబుతారు. పరగడుపున, నిద్ర చాలని కళ్ళతో, ఇంగువ పోపు ముందు నిలబడ్డ మనిషికి ఆ సలహా ఏం పనికొస్తుంది? మెట్ల మీద కూర్చున్న ఆ అత్తగారు మాత్రల్ని నమ్మకపోయినా ఒక పని చేసింది. నెల తప్పిందని తెలిసిన వారానికే పొద్దుటి పొయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఊళ్ళో నేను విన్న చికిత్సల్లో ఇదే మేలైనదని నా నమ్మకం. దీనికి చీటీ రాసే డాక్టరు ఎక్కడా ఉండడు.

బజారులో కిరాణా కొట్టువాడు శొంఠి కొమ్ములు గోనె సంచిలోంచి తీసి తూచాడు. పైన సున్నపు పొడి, విరిస్తే లోపల పీచు. పెద్దవాళ్ళ శొంఠి వైద్యాన్ని ఆధునిక పరీక్షలు కొట్టిపారేయలేదు. రోజు మొత్తం మీద ఒక గ్రాము మించకుండా, విడతలుగా ఇచ్చి చూస్తే వికారం తగ్గిందని తేలింది. వాంతుల మీద మాత్రం అంత పట్టు కనబడలేదు. కడుపు ఖాళీగా ఉంచకుండా రెండు గంటలకోసారి కొంచెం తినడం, నీళ్ళు అన్నంతోపాటు కాకుండా మధ్యమధ్య గుక్కెడు గుక్కెడు తాగడం, వేపుళ్ళు మానడం, వేడన్నం వాసన పడకపోతే చల్లారాక తినడం... ఇవన్నీ ఇంట్లో అయ్యే పనులే.

ఐరన్ మాత్ర సంగతి వేరే చెప్పాలి. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలు మొదటి మూడు నెలలు దాటాక వేసుకోవలసినవి, అంతవరకు ఫోలిక్ యాసిడ్ చాలు. తొందరపడి ముందే మొదలుపెడితే వికారం ఎక్కువవుతుంది. ఆ భయంతో తర్వాత కూడా మానేస్తే రక్తం తగ్గుతుంది.

ఇక మాత్రలంటే భయం. అది ఊరికే పుట్టలేదు. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను వేవిళ్ళకు కూడా ఇచ్చారు. 1961లో ఆపేసేలోపు వేలాది మంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. ఆ నీడ తర్వాతి మందుల మీదా పడింది. డాక్సిలమైన్, బీ6 విటమిన్ కలిపిన మాత్రను అమెరికాలో 1983లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. హాని రుజువై కాదు, కోర్టు కేసుల బరువు మోయలేక. 2013లో అదే కలయికకు అక్కడి ప్రభుత్వ సంస్థ మళ్ళీ అనుమతి ఇచ్చింది. మన దేశంలోనూ డాక్టర్లు ఎక్కువగా రాసేది దాన్నే. కాస్త నిద్రమత్తు ఉంటుంది, ఎన్ని వేసుకోవాలో వాళ్ళే చెప్పాలి.

వేవిళ్ళు మనసులో పుట్టిన వికారమని దశాబ్దాల పాటు వైద్యులే అన్నారు. మార్లీనా ఫెజ్జో అనే అమెరికా జన్యు శాస్త్రవేత్త 1999లో తీవ్రమైన వాంతులతో గర్భం పోగొట్టుకుంది. అతి చేస్తోందనుకున్నాడట ఆమె డాక్టరు. ఆమె, కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు కలిసి 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో తేల్చింది ఇది: గర్భంలోంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోను దీనికి ముఖ్య కారణం. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్ళు, ఒక్కసారిగా పెరిగేసరికి తట్టుకోలేరు. ఒకరికి అంతగా లేనిది ఇంకొకరిని ఎందుకు పీడిస్తుందో దీంతో చాలావరకు తెలుస్తుంది.

రామమందిరం ఉన్న బిష్టుపూర్‌లోనే టాటా మెయిన్ హాస్పిటల్ ఉంది. 1908లో చిన్న వైద్యశాలగా మొదలైంది. అలాంటి ఆసుపత్రి మెట్లెక్కవలసింది ఎప్పుడు? రోజంతా గుక్కెడు నీళ్ళు కూడా నిలవనప్పుడు, మూత్రం చిక్కని పసుపు రంగులో చాలా కొద్దిగా వస్తున్నప్పుడు, లేచి నిలబడితే కళ్ళు తిరిగినప్పుడు. యాభై కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గిందంటే అవి మామూలు వేవిళ్ళు కావు. అప్పుడు సెలైన్ పెట్టాలి, దానితోపాటు బీ1 విటమిన్ కూడా ఇవ్వాలి. ఒంట్లో బీ1 అడుగంటాక ముందు గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. జ్వరంతో వాంతులైతే ముందు మలేరియా పరీక్ష చేయించాలి, ఇది జార్ఖండ్. తొమ్మిది వారాలు దాటాక కొత్తగా మొదలైన వాంతులకూ వేరే కారణం వెతకాలి.

బిష్టుపూర్‌లోనే ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాసే అమ్మాయి కనిపించింది. రెండో నెలలోనే సెలవులన్నీ వాంతులకే అయిపోయాయి, జీతం కోత మొదలైంది. ప్రసూతి సెలవు ఎప్పుడో చివర్లో గదా అని ఊరుకుంది. టాటా స్టీల్ తన ఉద్యోగినులకు ప్రసూతి సదుపాయం 1928లోనే ఇచ్చింది. బొంబాయి ప్రెసిడెన్సీ చట్టం చేసింది ఆ మరుసటి ఏడు, దేశానికంతటికీ చట్టం 1961లో వచ్చింది. గర్భం వల్ల జబ్బు చేస్తే ప్రసూతి సెలవు కాక ఒక నెల వరకు జీతంతో సెలవు ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది, 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ నిబంధన ఉంది. ప్రసవం కావలసిన తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి ఉండాలి. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలియదు. ఉద్యోగం చేసే కూతురో కోడలో వేవిళ్ళతో మంచం పడితే, డాక్టరు దగ్గర మందుల చీటీతోపాటు ధ్రువపత్రం కూడా రాయించండి. అందులో "అస్వస్థత" అని కాదు, "గర్భం వల్ల కలిగిన జబ్బు" అని ఉండేలా చూసుకోండి.