అల్లుడిగారింట్లో నీటిచుక్క

అల్లుడిగారింట్లో మామగారు కళ్లు మూసుకు కూర్చోవాలని మా పెద్దలు చెప్పేవారు. కూరలో వుప్పు తగ్గినా బాగుందనాలి, కుర్చీ కాలు వూగుతున్నా కదలకుండా కూర్చోవాలి. ఈ నియమం తు.చ. తప్పకుండా పాటించి 2023 జూలైలో నేను తెచ్చిపెట్టిన ముప్పు ఏమిటో చెబుతాను. నవ్వుకుంటే నవ్వుకోండి గాని, చదవడం అయ్యాక మీ ఇంటి చూరువంక కూడా ఒకసారి చూడండి.

మా అమ్మాయికి పురుడు పోయడానికి నేనూ మా ఆవిడా అమెరికా వెళ్లాం. టెక్సాస్ రాష్ట్రంలో హ్యూస్టన్ నగరం శివార్లలో వాళ్ల కాపరం. మా ఆవిడ పెట్టెలో పురిటి కాయం, వాము, పొత్తిగుడ్డలకు పాత చీరలూ సర్ది, పైన ఒక తాటాకు విసనకర్ర కూడా పెట్టింది. "ఇల్లంతా ఏసీ వున్నచోట విసనకర్ర ఎందుకే?" అని వేళాకోళం చేశాను. ఆవిడ జవాబు చెప్పలేదు.

హ్యూస్టన్ ఎండ మన కాకినాడ ఎండకి పెత్తల్లి కూతురు. వేడికి తోడు సముద్రపు చెమ్మ. ఫారెన్‌హీటు లెక్కలో నూరు డిగ్రీలు, మన లెక్కలో 38. గుమ్మం దాటితే చెమట కాలువలు. ఇంట్లో మాత్రం మాఘమాసం! అయితే ఎక్కడా ఏసీ పెట్టె కనబడదు. మా అల్లుడు చూపించాడు. హాల్లో గోడకున్న పెద్ద జాలీ ఇంట్లో గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలి అటక మీదికి పోయి, చల్లని గొట్టాల చుట్ట మీదుగా నడిచి, చల్లబడి, గదుల పైకప్పుల్లో వున్న చిన్న జాలీల్లోంచి తిరిగి వస్తుంది. లోపల లాగిన వేడిని పెరట్లో వున్న పెద్ద పెట్టె బయటికి వూదేస్తుంది. ఆ దేశంలో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్లలో ఇలాంటి ఏర్పాటే వుందిట.

మనవడు పుట్టాడు. బారసాల అయింది. ఒక వుదయం కాఫీగ్లాసు పట్టుకుని పెరట్లో తిరుగుతూంటే, వంటింటి కిటికీకి సరిగ్గా పైన, చూరు కిందనుంచి ఒక తెల్లగొట్టం ముక్క కనిపించింది. దాని చివరనుంచి టప్ టప్ మని నీటిచుక్కలు. అద్దం మీద చారలు కడుతున్నాయి. మన వూళ్లో ఏసీలు దారిన పోయేవాళ్ల నెత్తిన నీళ్లు పోయడం మామూలే కదా అనుకున్నాను. అయినా మనసులో ఒక పురుగు తొలిచింది. ఇంత గోడ వుండగా, గొట్టం పెట్టినవాడు కిటికీ మీదికే ఎందుకు పెట్టాడు?

"అల్లుడిగారిని అడుగుదామా?" అన్నాను.

"బాగుంది వరస! ఇల్లు కొనుక్కుని రెండేళ్లు కాలేదు, అప్పుడే వంకలు పెడతారా? వూరుకోండి" అంది మా ఆవిడ.

వూరుకున్నాను. ఆరు రోజులు చూశాను, ఆరు రోజులూ వూరుకున్నాను. ఏడోరోజున చుక్క ఆగిపోయింది. "చూశావా, దానంతటదే బాగుపడింది" అని సంతోషించాను కూడా.

ఆ మధ్యాహ్నమే యంత్రం ఆగిపోయింది.

గోడమీద అంకె 76 నుంచి 80కి, 84కి, చీకటి పడేసరికి 88కి ఎక్కింది. అంటే మన లెక్కలో 31. పెద్దవాళ్లకి అదేం లెక్క! కాని పసివాడికి ఇరవై రెండు రోజులు. వొళ్లు ఎర్రబడి, పాలు పట్టక, గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బాలింత కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. అల్లుడు ఆఫీసునుంచి పరుగెత్తుకొచ్చి నలుగురైదుగురు మెకానిక్కులకి ఫోను చేశాడు. ఎండలు ముదిరిన రోజులు, అందరూ రేపనేవాళ్లే. అప్పుడు మా ఆవిడ పెట్టె తెరిచి విసనకర్ర తీసింది. తీస్తూ నావంక చూసిన చూపు వర్ణించను.

ఆ రాత్రికి తల్లినీ బిడ్డనీ, మా ఆవిడనీ రెండు వీధుల అవతల మన తెలుగువారింటికి పంపాం. "మీ ఇల్లే అనుకోండి పిన్నిగారూ" అంటూ ఆ ఇల్లాలు తన పడకగది ఖాళీ చేసి ఇచ్చింది. ఇంట్లో నేనూ అల్లుడూ మిగిలాం. కిటికీలు తెరుచుకుని గడప దగ్గర కూర్చున్నాం. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

ధవళేశ్వరం దిగువ కాలువల మీద నేను ముప్ఫయ్ రెండేళ్లు వుద్యోగం చేశాను. కాలువగట్టుకి పక్కన చెమ్మ కనిపిస్తే లస్కరు వెంటనే వచ్చి చెప్పాలి. చిన్న వూటే తెల్లారేసరికి గండి అవుతుంది. ఒక లస్కరు వూట చూసి కూడా, "పై అధికారులకి నేనేమిటి చెప్పడం" అని వూరుకున్నాడు. అతనికి నా చేత్తో మెమో రాసిచ్చాను. ముసలితనంలో ఆ మెమో నాకే తిరిగివచ్చినట్టయింది.

"బాబూ, నేనొక తప్పు చేశాను" అని మొదలుపెట్టి గొట్టం సంగతి అంతా చెప్పాను. అతను కాసేపు మాట్లాడలేదు.

"ఇల్లు కొన్నప్పుడు పరీక్ష చేసినవాళ్లు ఏడాదికోసారి ఏసీ చూపించుకోమని కాగితం రాసిచ్చారు, మావయ్యగారూ. సొరుగులో పెట్టాను. మీరు చూసి చెప్పలేదు. నేను చూడనేలేదు. ఎవరికి మెమో ఇస్తారు?" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. పెళ్లయిన నాలుగేళ్లలో మేమిద్దరం మనసిచ్చి మాట్లాడుకోవడం అదే మొదలు.

మర్నాడు పది గంటలకి ఒక పెద్దాయన వచ్చాడు. నిప్పులకుంపటిలా వున్న అటక ఎక్కి, చెమటలు కక్కుతూ దిగి, నాకు పాఠం చెప్పాడు. చల్లని గొట్టాల చుట్ట మీద గాలిలోని చెమ్మ నీరై కారుతుంది. ఆ వూళ్లో రోజుకి బిందెలకొద్దీ. ఆ నీటికి రెండు దారులు. మొదటిది స్నానాలగది గొట్టంలో కలుస్తుంది. అది పూడిపోతే నీరు యంత్రం కిందనున్న రేకుపళ్లెంలోకి దిగి, రెండో గొట్టం వెంట బయటికి వస్తుంది. ఆ రెండోదాన్ని కావాలనే కిటికీ మీద పెడతారు, ఇంట్లోవాళ్ల కంట పడాలని! మాకు రెండోదీ పూడింది. పళ్లెం నిండి, అందులో తేలే బెండు పైకి లేచి యంత్రాన్ని ఆపేసింది. ఆ బెండే లేకపోతే పైకప్పు నాని వుయ్యాల మీద పడేదేమో. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

గొట్టాల్లోంచి ఆయన లాగిన నాచూ, జిగురూ చూస్తే నాకు మా కాలువలే గుర్తొచ్చాయి. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడికా గుర్రపుడెక్కా తీయించకపోతే శివారు పొలానికి నీరెక్కడ అందుతుంది? తరవాత హాల్లో జాలీ విప్పి, గాలి వడకట్టే ఫిల్టరు తీశాడు. అట్టముక్క అంత వుంది గాని, ఆర్నెల్ల దుమ్ముతో కంబళి అయిపోయింది.

అసలీ యంత్రం పుట్టిందే చెమ్మ తీయడానికిట. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో, గాలిలో చెమ్మకి కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోక అవస్థ పడుతూంటే, విల్లిస్ కేరియర్ అనే యువ ఇంజనీరు దీన్ని రూపొందించాడు. బొమ్మల కాగితం కోసం పుట్టినది మా మనవడిని నిద్రపుచ్చుతోంది. దాని నీటికి దారి ఇవ్వడం మన వంతు.

ఆ పెద్దాయన చెప్పినవి ఒక కాగితం మీద తెలుగులో రాసి బీరువా తలుపుకి అంటించాను. ఫిల్టరు నెలకోసారి చూడాలి. దుమ్మునిబట్టి నెలకో, మూడు నెలల లోపునో మార్చాలి. దానిమీద బాణంగుర్తు గాలి పోయే వైపు, అంటే యంత్రం వైపు వుండాలి. మరీ దట్టమైన ఫిల్టరు పెడితే గాలి ఆడదు. పెరటి పెట్టె చుట్టూ రెండడుగులు ఖాళీ వుంచాలి. మొక్కల మీద ప్రేమ వుంటే మరోచోట చూపించుకోవచ్చు. దాన్ని కడిగేముందు కరెంటు ఆపి, నీళ్లు మెల్లగా పోయాలి. జాలీ పీల్చే గాలికీ వదిలే గాలికీ ఫారెన్‌హీటులో పదిహేను నుంచి ఇరవై డిగ్రీల తేడా వుంటే సాధారణంగా కులాసా అన్నమాట. లోపలి గ్యాసు అరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం, అది లైసెన్సు వున్నవాడి పని. ఎండలు రాకముందే, వసంతంలో ఒకసారి మెకానిక్కుకి చూపించాలి. అన్నిటికన్నా ముందు, కిటికీ మీద చుక్క కనిపిస్తే చెప్పాలి.

ఆ సాయంత్రం అంకె 76కి దిగింది. బిడ్డ ఇంటికొచ్చి ఆదమరచి నిద్రపోయాడు. మేం తిరుగుప్రయాణమైనప్పుడు మా ఆవిడ విసనకర్రని అక్కడే, ఆ అంకె పక్కన మేకుకి తగిలించి వచ్చింది. "వుండనీండి, దానికి రిపేరు లేదు" అంది.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం నా ఫోనుకి ఫిల్టరు ఫోటో ఒకటి వస్తుంది. కింద మా అల్లుడి మాట: "లస్కరు రిపోర్టు, మావయ్యగారూ." నేను చూసి జవాబు పెడతాను: "బాగుంది బాబూ. కిటికీ పైన చూశారా?"